నిమ్మ సీతాకోకచిలుక – అడవిపంది: ఒకటి ఇంటి పని, ఒకటి ఊరి పని

రైతు పొలమునకు పిలువకుండ వచ్చు చుట్టములు అనేకులు. వారిలో ఇద్దరిని గూర్చి ఈ వ్యాసములో చెప్పదలచితిని. మొదటిది పట్టపగలు, ఎండ బాగుగా కాయు వేళ, నలుపు పసుపు రెక్కలతో నిమ్మతోటపై తేలుచు వచ్చును. దానిని చూచి పిల్లలు వెంటబడుదురు. పెద్దలు కూడ ఒక్క క్షణము పార ఆపి చూతురు. రెండవది అర్ధరాత్రి, ఊరు సద్దుమణిగిన తరువాత, గట్టు దాటి వేరుశనగ చేనిలో దిగును. దానినెవ్వరును ముచ్చటపడి చూడరు. తెల్లవారి చేను చూచి తిట్టుదురు. మొదటిది నిమ్మ సీతాకోకచిలుక, రెండవది అడవిపంది.

ఈ రెంటిని పక్కపక్కన పెట్టి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. ఒకటి అరచేతిలో ఇమిడిపోవు కీటకము. మరొకటి క్వింటాలు బరువు తూగగల మృగము. కాని రైతు లెక్కలో రెండును పంటను తినునవే. పైగా ఈ రెంటిని పోల్చి చూచినప్పుడు, వానితో మనము పోరాడు పద్ధతిలో ఉన్న పెద్ద పొరపాటొకటి బయటపడుచున్నది. ఆ పొరపాటు వలన ఒకచోట డబ్బు పోవుచున్నది. మరొకచోట మనుష్యుల ప్రాణములే పోవుచున్నవి. అందువలననే ఈ పోలిక.

స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తన ‘సిస్టమా నేచురే’ అను గ్రంథపు పదవ కూర్పును 1758లో ప్రకటించెను. అడవిపందికి ‘సస్ స్క్రోఫా’ అనియు, ఈ సీతాకోకచిలుకకు ‘పాపిలియో డెమోలియస్’ అనియు పేర్లు పెట్టినది ఆ గ్రంథములోనే. ఒకే పుస్తకములో నామకరణము జరిగినను వీని బ్రతుకుతెరువులు వేరు. ఆ తేడా తెలిసినవానికే వీనిని ఎదుర్కొను ఉపాయము దొరకును.

సీతాకోకచిలుక సంగతి

నిమ్మ సీతాకోకచిలుక రెక్కలు నల్లనివి. వానినిండ లేత పసుపు మచ్చలుండును. వెనుక రెక్కల లోపలి అంచున ఎర్రని మచ్చ కనిపించును. రెక్కలున్న ఈ దశలో అది పూలలోని మకరందము త్రాగి బ్రతుకును. ఒక్క ఆకునైనను కొరుకదు. కొరుకుటకు తగిన దవడలు దానికి లేవు. మనకు చేటు చేయునది దాని పిల్ల.

ఆడ సీతాకోకచిలుక లేత చిగురు ఎక్కడ ఉన్నదో వెతికి, దానిపై గ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టిపోవును. గ్రుడ్డు గుండ్రముగా, ఆవగింజంత, లేత పసుపు రంగులో ఉండును. సాధారణముగా మూడు నాలుగు దినములకు పురుగు బయటికి వచ్చును. చిన్న పురుగు గోధుమరంగు మీద తెల్లని మచ్చతో అచ్చముగా పిట్టరెట్టవలె కనిపించును. అందుచేత పిట్టలును మోసపోవును, రైతును మోసపోవును. పెరిగిన కొలది కుబుసము విడిచి, ఆఖరు దశలో ఆకుపచ్చగా మారి, ఇంచుమించు ఒకటిన్నర అంగుళము పొడవగును. తాకినచో తల వెనుకనుండి రెండు చీలికల నారింజరంగు కొమ్మును బయటికి చాచి ఘాటైన వాసన విడుచును. చూచి భయపడ నక్కరలేదు. అది కుట్టదు, కరవదు. రెండు మూడు వారములు ఆకులు తిని, పిదప కొమ్మకు సన్నని పట్టుదారముతో నడుము కట్టుకొని నిద్రావస్థలోనికి పోవును. వెచ్చని దినములలో వారము పది దినములకే మరల రెక్కలతో లేచును. ఈ విధముగా ఏడాదిలో అనేక తరములు జరిగిపోవును.

నిమ్మ, బత్తాయి, నారింజ మాత్రమే కాదు. కరివేపాకు, మారేడు, వెలగ, బావంచి మొక్కలపై కూడ ఈ పురుగు బ్రతుకును. ఆస్ట్రేలియా దేశములో ఉన్న దీని ఉపజాతి బావంచి జాతి మొక్కలనే ముఖ్యముగా తినుచు, అక్కడి నిమ్మతోటల జోలికి అంతగా పోదు. మన దేశములో మాత్రము అది నిమ్మజాతిని మరిగినది. ఆసియా ఖండమునుండి సముద్రము దాటి 2004లో డొమినికన్ రిపబ్లిక్ దేశములోను కనబడినది.

దీని వలన ఎక్కువ నష్టపోవునది ఎవరు? నర్సరీ పెట్టినవారు, తోట క్రొత్తగా నాటి ఒకటి రెండేండ్లయినవారు. చిన్న మొక్కకు ఆకులే తక్కువ. నాలుగైదు పెద్ద పురుగులు చేరినచో ఈనెలు మాత్రము మిగుల్చును. మొక్క చావకున్నను గిడసబారును. గూడూరు ప్రాంతపు నిమ్మ రైతులకును, నల్లగొండ, అనంతపురం ప్రాంతముల బత్తాయి రైతులకును ఇది తెలిసిన సంగతే. కాపు మీదనున్న పెద్ద చెట్టుకు మాత్రము పది ఇరువది పురుగుల వలన కలుగు నష్టము లెక్కలోనిది కాదు.

అడవిపంది సంగతి

అడవిపంది వెన్నుమీద బిరుసు వెంట్రుకల జూలు నిక్కియుండును. మగదానికి కోరలు పైకి వంగియుండును. ఆడపందులు, పిల్లలు కలిసి మందగా తిరుగును. ఎదిగిన మగది చాలవరకు ఒంటరిగా తిరుగును. దాని చూపు మందము; వాసన పట్టుట మిక్కిలి చురుకు. నేలలోపల ఉన్న గడ్డను, కాయను, విత్తిన గింజను కూడ వాసనతోనే కనుగొని ముట్టెతో పెకలించును. చూలు సుమారు 115 దినములు. ఈతకు నాలుగు నుండి ఆరు పిల్లలు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు పుట్టును. పిల్లల ఒంటిమీద నిలువు పొడవున చారలుండి, కొన్ని నెలలకు మాసిపోవును.

వేరుశనగ, మొక్కజొన్న, జొన్న, చెరకు, వరి, దుంపపంటలు అన్నియు దానికి ఇష్టమే. వేరుశనగను విత్తిన రాత్రియు వచ్చును, కాయ ఊరిన రాత్రియు వచ్చును. మొక్కజొన్నను గింజ పాలుపోసుకొను వేళ విరిచివేయును. అది తిన్నదానికన్న త్రొక్కినది, పెకలించినది ఎక్కువ. ఒక్క మంద ఒక్క రాత్రిలో చేసిన పని చూచిన రైతునకు ఆ ఏడు ఇక లేవ బుద్ధి పుట్టదు.

ఇది ఎందుకు హెచ్చినది? అడవిలో పులి, చిరుత, రేచుకుక్క దానిని వేటాడి అదుపులో పెట్టును. ఊరి దాపున ఆ వేటగాండ్రు లేరు. చెరువు శిఖములలోను, వాగు గట్లపైనను, బీళ్ళలోను దట్టముగా పెరిగిన సర్కారు తుమ్మ పొదలు పగలంతయు దానికి పడకటిల్లు. బోర్ల క్రింద ఏడాది పొడవునా ఏదో ఒక పంట ఉండుట చేత దానికి ఆకలి కాలమన్నది లేకపోయినది. నీడ మన ఊరిదే, నీరు మన ఊరిదే, భోజనము మన ఊరిదే. ఇక అది అడవికి మరలిపోవుట ఎందుకు?

ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. విజయనగర రాజుల ముద్రపై వరాహము ఉండెడిది. వారి బంగారు నాణెమునకు వరహా అను పేరు దాని వలననే వచ్చినది. అడవిలో ఈ జంతువు నేలను త్రవ్వి పురుగులను ఏరి తినును. విత్తనములను ఒకచోటినుండి మరొకచోటికి చేర్చును. పులికి, చిరుతకు ఆహారమగును. అడవిలో దాని పని దానికున్నది. మన తగవు అది అడవిలో ఉన్నందుకు కాదు, చేనిలో దిగినందుకు.

పోలికలో తేలిన సంగతి

ఇప్పుడు రెంటిని పక్కపక్కన పెట్టి చూతము.

సీతాకోకచిలుక పిల్ల తాను పుట్టిన మొక్కను విడిచి దూరము పోలేదు. అది ఏ కొమ్మమీద ఉన్నదో ఆ కొమ్మమీదనే దానిని పట్టుకొనవచ్చును. రైతు చేయి దానికి అందును. పక్క తోటవాడు ఏమి చేసినను చేయకున్నను, వారమునకు రెండు మారులు నా మొక్కలు నేను చూచుకొన్నచో నా మొక్కలు బ్రతుకును. అనగా ఇది ఇంటి పని.

అడవిపంది అట్లు కాదు. దానికి సర్వే నంబరు లేదు, గట్టు లేదు, ఊరి పొలిమేర కూడ లేదు. నా చేనికి నేను గట్టి కంచె వేసిననాడు ఆ మంద ఆకలి తీరదు. పక్క చేనికి పోవును. పక్కవాడు కంచె వేసిననాడు ఆ పక్కవానికి పోవును. చివరికి కంచె వేయు శక్తి లేని పేదరైతు చేనిలోనికి చేరును. అందరి నష్టమును ఒక్కనిపైకి నెట్టుట నివారణ కాదు. అందరి పొలములను ఒకే చేనుగా భావించి ఊరంతయు కలిసి చేయవలసిన పని ఇది. అనగా ఇది ఊరి పని.

అయితే మనము చేయుచున్నదేమి? సరిగా దీనికి తలక్రిందులు. చేతితో ఏరవలసిన పురుగునకు దుకాణమునకు పరుగెత్తి మందు డబ్బా తెచ్చుచున్నాము. ఊరు కూడి అడ్డుకొనవలసిన పందికి మాత్రము ఒక్కొక్కరము ఒంటరిగా, చీకటిలో, ఒకరికి తెలియకుండ ఒకరము తీగ కట్టుచున్నాము. ఇంటి పనిని బజారుపై వేసి, ఊరి పనిని ఒక్కని నెత్తిన వేసితిమి. నేను మొదట చెప్పిన పొరపాటు ఇదియే.

పిచ్చుకపై బ్రహ్మాస్త్రము

నిమ్మ మొక్కపై పది పురుగులు కనబడగానే ఘాటైన పురుగుమందు చల్లుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేయుటయే. ఈ పురుగునకు పుట్టుకతోనే శత్రువులు కలవు. ట్రైకోగ్రామా అను కంటికానని చిన్న కందిరీగ దీని గ్రుడ్డులో తన గ్రుడ్డు పెట్టి లోపలినుండి తినివేయును. మరికొన్ని పరాన్నజీవులు పురుగును, నిద్రావస్థలోని కోశమును చంపును. గొల్లభామ, సాలీడు, కందిరీగ, పిట్టలు కూడ రైతు పక్షమున పని చేయును. మందు చల్లినప్పుడు ముందు చచ్చునది ఈ మిత్రబలము. పూత మీద చల్లినచో తేనెటీగలును చచ్చును. పిదప వచ్చు తరము పురుగులకు అడ్డు చెప్పువారుండరు. మరల మందు, మరల ఖర్చు.

కావున నర్సరీవారును, చిన్న తోటలవారును చిగురు వేయు కాలములలో, ముఖ్యముగా వానాకాలపు చిగురు పైనను, వారమునకు రెండు మారులు ప్రొద్దుట మొక్క మొక్కకు తిరిగి చూడవలెను. పసుపు గ్రుడ్డున్న చిగురాకును గిల్లివేయవలెను. పిట్టరెట్టను చూచినట్లుండు ప్రతిదానిని పుల్లతో కదిపి చూడవలెను. కదలినచో అది రెట్ట కాదు. పెద్ద పురుగులను ఏరి సబ్బునీళ్ళ డబ్బాలో వేయవలెను. వందల మొక్కలున్న నర్సరీకి కూడ ఇద్దరు మనుష్యులు పూనికతో చేసినచో ఇది ఒక పూట పని. ఇంటిలోని స్త్రీలు ఈ పనిలో మగవారికన్న నిదానము, చూపు గలవారని వేరుగా చెప్ప నక్కరలేదు. వారి మాట విని తోట పని సాగించు ఇండ్లలో మందు ఖర్చు తక్కువ.

పురుగు చేతికి మించినప్పుడు ముందుగా వేపగింజల కషాయము చల్లవలెను. 5 కిలోల వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూటగట్టి ఒక రాత్రి నీటిలో నానబెట్టి, పిండి వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి 100 లీటర్ల నీటికి సరిపెట్టినచో ఐదు శాతపు కషాయమగును. దానికిని లొంగనిచో బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి మందును డబ్బాపై చెప్పిన మోతాదులో చల్లవచ్చును. అది గొంగళిపురుగు కడుపులో పనిచేయునే గాని తేనెటీగకు చేటు చేయదు. అంతకుమించిన మందు కావలెనన్నచో ఉద్యానశాఖ అధికారిని అడిగిన తరువాతనే కొనవలెను. దుకాణదారు మాట మీద కొనరాదు. కాపు మీదనున్న పెద్ద చెట్లకు ఈ పురుగు కొరకు మందు కొట్టుట చాలవరకు డబ్బు నీళ్ళపాలు చేయుటయే.

రైతును మింగు కంచె

ఇక రెండవ పొరపాటు. దీనిని గూర్చి మెత్తగా మాటలాడుట తగదు.

కంచె చేను మేయుట పాత సామెత. కంచె రైతునే మింగుట ఈ కాలపు సంగతి. అడవిపంది కొరకని చేని చుట్టు సన్నని ఇనుపతీగ లాగి, పైన పోవు కరెంటు లైనుకో, మోటారు డబ్బాకో తగిలించుట కొన్ని గ్రామములలో అలవాటైనది. రాత్రిపూట నీళ్ళు మళ్ళించుటకు పోయిన పక్క రైతు, తెల్లవారుజామున మేకలను తోలుకొని పోవు కాపరి, కూలికి పోవు స్త్రీ, కడకు తాను కట్టిన తీగను తానే మరచిన రైతు – ఇట్టివారందరు ఆ తీగలకు బలియైనారు. ఇట్టి మరణములను రెండు తెలుగు రాష్ట్రములలోను పత్రికలు పలుమార్లు ప్రకటించినవి. పశువులు చచ్చుచున్నవి. చిరుతలు, పులులు కూడ చచ్చినవి. ఆ పులియే పందిని అదుపులో పెట్టునది! దానిని చంపినవాడు పందికి మేలు చేసినవాడగును.

చట్టము మాట కూడ తెలిసియుండవలెను. లైనుకు కొక్కెము వేసి కరెంటు వాడుట 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము దొంగతనము. ఆ తీగ వలన మనిషి చచ్చినచో తీగ కట్టినవానిపై నరహత్య కేసు వచ్చును. పందిని కాచుకొనబోయి ఒక రైతు శవమగుట, మరొక రైతు జైలుకు పోవుట, రెండు కుటుంబములు వీధిపాలగుట – వేరుశనగ పంట అంతయు పోయినను ఇంత నష్టము కాదు. పండ్లలోను, పిండిముద్దలలోను నాటుబాంబులు పెట్టుట కూడ ఇట్టిదే. పంది తినకముందు మన ఆవే దానిని నమిలి దవడ పోగొట్టుకొనవచ్చును.

సౌరశక్తి కంచె వేరు, ఈ తీగ వేరు అని అందరును గ్రహింపవలెను. సౌర కంచెలో బ్యాటరీ నుండి యంత్రము ద్వారా విద్యుత్తు క్షణమునకొకమారు విడివిడిగా కొట్టి ఆగును. జంతువు ఉలికిపడి వెనుకకు తగ్గును, చావదు. ఇంటి కరెంటు ఎడతెగక పారును, పట్టుకొన్నదానిని విడువదు. సౌర కంచె పేరు చెప్పి యంత్రము లేకుండ తీగను నేరుగా లైనుకు కలుపుట హత్యకు సిద్ధపడుటయే.

ఊరు చేయవలసినది

తీగ వద్దు అనుట తేలిక. కాని అడవి అంచున మెట్టపంట వేసుకొని, చేతిలోని అప్పుతో రాత్రి నిద్ర లేక కూర్చున్న రైతునకు ‘వద్దు’ అను మాట ఒక్కటే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. అతడు ఒంటరిగా ఉన్నాడు గనుకనే తీగ కట్టుచున్నాడు. అతని ఒంటరితనము తీర్చుట గ్రామాధికారుల పని, గ్రామ పెద్దల పని.

పూర్వము చెరువు నీటికి నీరటికాడు, ఊరి కావలికి తలారి ఉండెడివారు. ఎవరి మడికి వారే రాత్రింబవళ్ళు కాపుండ నక్కరలేకపోయెను. చేని నడుమ మంచె వేసి వంతులవారీగా కాయుట కూడ మనకు క్రొత్త కాదు. ఆ పద్ధతినే నేటి అవసరమునకు సరిపెట్టుకొనవలెను.

మొదటిది, పొదలు. చెరువు శిఖములోను, వాగు పోరంబోకులోను ఉన్న సర్కారు తుమ్మ పొదలు ఏ ఒక్క రైతువియు కావు. వానిని తొలగించు బాధ్యత పంచాయతీ తీసికొనవలెను. పగటి పడక పోయినచో మంద దూరమునకు జరుగును.

రెండవది, పంటల వరుస. ఒక్కడు ముందుగా విత్తిన మొక్కజొన్న ఊరి పందులన్నిటికి పిలుపు. ఒకే బాటలోనున్న రైతులు ఒకేమారు విత్తి, పంది ముట్టని పంటలను అడవి వైపునకు, ఇష్టపడు పంటలను ఊరి వైపునకు వేసికొన్నచో కావలి తేలికగును.

మూడవది, అడ్డుకట్ట. హైదరాబాదు రాజేంద్రనగరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇందుకు ప్రాణములు తీయని ఉపాయములు చెప్పియున్నారు. మొక్కజొన్న చుట్టు నాలుగు వరుసలు ఆముదము వేయుట వానిలో ఒకటి. ఆముదమును పంది తినదు, దాని వాసన లోపలి పంట వాసనను కప్పును. యాసంగి వేరుశనగ చుట్టు ముళ్ళ కుసుమ వేయుట రెండవది. లోనికి దూరుటకు ముళ్ళు అడ్డగించును, కుసుమ గింజ అమ్ముకొనవచ్చును. పంటకు అడుగు దూరములో రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు కందకము త్రవ్వుట, ముళ్ళతీగను అడుగు ఎడముతో మూడు వరుసలు కట్టుట మరి రెండు. వీనిని ఒక్కొక్క చేనికి విడివిడిగా చేసినచో ఖర్చు హెచ్చు. ఇరువది చేలను కలిపి చుట్టు ఒక్కటే అడ్డు వేసినచో ఎకరమునకు పడు పొడవు చాల తగ్గును. ఇది లెక్క వేసికొన్న ప్రతి రైతునకు తెలియును. ఒక ఎకరము చదరపు చేనికి చుట్టుకొలత సుమారు 835 అడుగులు. అట్టి చేలు పదహారు కలిసి ఒకే చదరముగా ఉన్నచో చుట్టుకొలత సుమారు 3,340 అడుగులు. ఎకరమునకు 209 అడుగులే పడును. నాలుగవ వంతు ఖర్చుతో పని జరుగును. పొత్తు వలన లాభమునకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

నాలుగవది, కావలి. విత్తిన మొదటి పది దినములు, కాయ ఊరు కాలము – ఈ రెండు వేళలే ప్రమాదము. ఆ రాత్రులలో వంతులు వేసికొని, దీపములతో, డప్పులతో, ఇద్దరిద్దరుగా కాయవలెను. ఒంటరిగా పోరాదు, గాయపడిన పంది, పిల్లలున్న పంది మనిషిపైకి వచ్చును.

ఐదవది, కాగితము. నష్టము జరిగిన ప్రొద్దుటనే గిట్టల గుర్తులతోసహ ఫోటో తీసి, సర్వే నంబరు, పంట, విస్తీర్ణము వ్రాసి అటవీశాఖకును, వ్యవసాయ విస్తరణాధికారికిని తెలుపవలెను. పరిహారము అడుగుటకు ఆధారము అదియే. చాలమంది రైతులు తిట్టుకొని ఊరకుందురు. వ్రాయని నష్టము ప్రభుత్వము కంటికి జరగని నష్టమే. గ్రామాధికారి తానే వచ్చి వ్రాసికొన్నచో, వ్రాయుట రాని రైతునకు అంతకన్న మేలు లేదు.

చంపుట మాట

‘ఇన్ని మాటలెందుకు, చంపుటకు సెలవిండు’ అని అడుగువారు కలరు. వారి బాధ నిజమైనదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవిపంది రక్షణ గల జంతువు. 2022లో చేసిన సవరణ ప్రకారము అది రెండవ షెడ్యూలులో ఉన్నది. అయినను పొలములోని పైరునకు అపాయకరమైనప్పుడు, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని, కారణములు చూపి, వ్రాతమూలకముగా వేటకు అనుమతి నీయవచ్చునని అదే చట్టము చెప్పుచున్నది. బీహారులోని కొన్ని జిల్లాలలో 2015లోను, ఉత్తరాఖండములోని కొన్ని జిల్లాలలో 2016లోను కేంద్రప్రభుత్వము అడవిపందిని కొంతకాలమునకు హానికర జంతువుగా ప్రకటించిన సందర్భములును కలవు. కాబట్టి దారి మూసియుండలేదు. కాని ఆ దారి ఊరి తరపున అర్జీ పెట్టుకొని, అధికారి ఉత్తరువు పొంది, తగినవాని చేత జరిపించుకొనవలసినది. అదియు ఊరి పనియే. చీకటిలో ఒక్కడు చేయు పని కాదు.

చంపుట ఒక్కదానినే నమ్ముకొనుట కూడ తెలివి కాదు. ఈతకు ఆరు పిల్లలను పెట్టు జంతువునకు నీడ, నీరు, తిండి మనమే అమర్చియుంచి, నాలుగింటిని చంపినచో రెండేండ్లకు మంద మరల నిండును. నిమ్మ పురుగు విషయములో మందు నేర్పిన పాఠమే పంది విషయములో తుపాకి నేర్పును. తిండి దారి మూయక తిండికి వచ్చినవానిని చంపుట ఎప్పటికిని తెగని పని.

ముగింపు

అందమైనదని సీతాకోకచిలుకను నెత్తిన పెట్టుకొన నక్కరలేదు. వికారమైనదని పందిని రాక్షసిగా చూడ నక్కరలేదు. రెండును తమ కడుపు నింపుకొనుటకు మన పొలమునకు వచ్చినవి. వానికి మన గట్లు తెలియవు. గట్లు తెలిసిన మనము, ఏ పని గట్టు లోపలిదో, ఏ పని గట్టు దాటినదో విడదీసి చూచుకొనవలెను. నిమ్మ మొక్క చిగురు చూచుకొనుటకు ఎవరి సెలవును అక్కరలేదు. రేపు ప్రొద్దుటనే మొదలుపెట్టవచ్చును. అడవిపందికి మాత్రము ఊరు కూడవలెను.

గ్రామాధికారులకు ఒక్క మనవి. రాబోవు గ్రామసభలో రోడ్డు, దీపము, నీళ్ళ మాటలతోపాటు ఈ మాటను కూడ పెట్టండి. మీ ఊరి పొలములలో ఇప్పుడు ఎన్ని తీగలు కట్టియున్నవో మీకు తెలియును. వానిని ఎవరైనను చావకముందే విప్పించండి. విప్పించిన చేతితోనే ఆ రైతు పేరును పొత్తు కంచెలో మొదటివానిగా వ్రాయండి. తీగ విప్పి రైతును ఒంటరిగా వదలినచో అతడు మరునాటి రాత్రి మరల కట్టును. పక్కన నలుగురు నిలిచిననాడు కట్టడు.